పెట్టె మూత మీది రాత

వెర్లిన్‌తో వచ్చిన చిక్కల్లా ఒకటే. వస్తువులు దాచడంలో అతన్ని మించినవాడు మాంటానా మొత్తంలో లేడు, దాచింది వెతకడంలో అతనికంటే పనికిమాలినవాడూ లేడు. నలభై ఒక్కేళ్ళుగా దాచడం అతని వంతు, వెతకడం భార్య లోర్నా వంతు.

ఆ గురువారం పొద్దున పాన్‌కేకులు తింటూ అతను ప్రకటించాడు. "మధ్యాహ్నానికి నీ ఇరవై తూటాలూ తయారు. సాయంత్రం గుమ్మడికాయ మీద గురి చూసుకుందువుగాని."

శనివారం వేట మొదలు. పద్నాలుగేళ్ళుగా వేట పర్మిట్ల లాటరీలో పేరు వేయగా వేయగా, ఈ ఏడు లోర్నాకి ఎల్క్ దుప్పి పర్మిట్ తగిలింది. ఇన్నాళ్ళూ వేటకి వెళ్ళేవాడికి శాండ్‌విచ్‌లు కట్టిచ్చిన మనిషి, అరవై ఆరో ఏట తనే వెళ్ళబోతోంది. ఆపరేషనైన ఆమె భుజానికి కొట్లో తుపాకీ పడదని, వెర్లిన్ రెండేళ్ళుగా నేలమాళిగలో ఆమె కొలతకి ఒకటి కట్టాడు. విడిభాగాల కరువులో గొట్టం రావడానికే పదకొండు నెలలు పట్టింది. ఆలోగా వాల్‌నట్ చెక్కని ఆమె చెంపకి ఆనేలా చెక్కుతూ, అన్నాల దగ్గర్నుంచి లేపి మరీ కొలతలు తీసుకున్నాడు. తూటాలూ ఇంట్లో నింపినవే కావాలి. భుజం అదరనివి కొట్లో దొరకవు.

అన్నీ ఉన్నాయి, ప్రైమర్లు తప్ప. తూటా అడుగున కందిగింజంత ఉండి, లోపలి మందుని అంటిస్తుంది ప్రైమరు. అది లేకపోతే మిగిలినదంతా ఉత్త ఇత్తడి బొమ్మ. ఇంట్లో మిగిలిందే ఒక్క పెట్టె, అదీ కనబడలేదు.

"నువ్వేమైనా సర్దావా?" మెట్ల కిందినుంచి కేక.

"దుమ్ము దులిపానంతే."

"దులపడమంటే నీ లెక్కలో పారెయ్యడమేగా!"

"మొన్న నేను పారేశానన్న కళ్ళజోడు ఎక్కడ దొరికిందోయ్? నీ నెత్తిమీద!"

"నువ్వు కాకపోతే డ్యూయీగాడే. జూన్‌లో నాకోసం కొన్ని ప్రైమర్లడిగితే నా మొహం చూడకుండా 'నా దగ్గరేం లేవు' అన్నాడు. అప్పుడే అనుకున్నాను."

వెర్లిన్‌కి తన చిన్ననాటి స్నేహితుడితో జూన్ నుంచీ మాటల్లేకపోవడానికి కారణం ఆ ప్రైమర్లేనని లోర్నాకి అప్పుడు తెలిసింది. ట్రక్కు తాళాలు తీసుకుని తుపాకుల కొట్టుకి వెళ్ళింది.

"ప్రైమర్లా? మార్చి నుంచీ మొహం చూడలేదు," అంది కొట్టు నడిపే ఆర్డిస్.

"నాకు పర్మిట్ వచ్చింది ఆర్డిస్. మా ఇంట్లో ఒక్కటంటే ఒక్కటి లేదు."

ఆర్డిస్ కళ్ళజోడు పైనుంచి చూసింది. "ఓహో. ఒక్కటీ లేదన్నమాట."

ఆ కరువులో, దాచుకున్నవాడెవడూ ఊళ్ళో ఉన్నాయని ఒప్పుకోడు. అలాంటిది ఒకావిడ పనిగట్టుకుని వచ్చి, అడగకుండానే లేవని చెప్పిందంటే, ఇంట్లో పెట్టెలకి పెట్టెలు మూలుగుతున్నాయనే అర్థం. అందులోనూ వెర్లిన్ ఇంట్లో! ఆ కబురు అప్పుడే ఊరంతా పాకింది.

లోర్నా తిరిగొచ్చేసరికి వరండాలో పొరుగింటి గ్లెండా ఉంది, చేతిలో హకిల్‌బెర్రీ పళ్ళు పొదిగి కాల్చిన 'పై'తో.

"ఊరికే, చూసిపోదామని వచ్చాను. ఓ యాభై ప్రైమర్లు ఇస్తే చాలు."

"లేవు గ్లెండా, ఒట్టు!"

"అర్థమైందిలే. నేనెవరికీ చెప్పను," అని ఆ 'పై' అక్కడే పెట్టి వెళ్ళిపోయింది.

తర్వాత పాస్టరు గారు రెండు డజన్ల గుడ్లతో వచ్చారు. "లేవు పాస్టరు గారూ" అంటే ఆయన తల పంకించి, "ఎక్కడున్నాయో నేను అడగనమ్మా, గుడ్లు మాత్రం ఉంచు," అన్నారు. లేవన్నకొద్దీ లెక్క పెరిగింది. పొద్దున వెయ్యి అనుకున్నవాళ్ళు, రెండు గంటలకి ఇరవై వేలన్నారు. వంటింటి బల్ల మీద నాలుగు పైలు, ఊరేసిన బీట్‌రూటు, ఉప్పుబెట్టిన పంది తొడ హామ్ ఒకటి చేరాయి.

చివరికి వెర్లినే అనుమానంలో పడ్డాడు. "ఇంతమంది అంటున్నారంటే, నిజంగానే ఎక్కడో పెట్టుంటానంటావా?"

సోఫా విప్పాడు. క్రిస్మస్ బొమ్మలు నేలమీద పరిచాడు. లోర్నా ఆ కొత్త తుపాకీని ఒళ్ళో పెట్టుకుని, చెంప ఆనే చోట చెక్కని వేళ్ళతో నిమురుతూ కూర్చుంది.

"పోనీలే వెర్లిన్. నువ్వెళ్ళు. నేను శాండ్‌విచ్‌లు కట్టిస్తాను."

అతను నేలమాళిగలో పలకలు పెకిలించడానికి గడ్డపలుగు తీసుకుని లేచాడు. అప్పుడే బయట డ్యూయీ ట్రక్కు ఆగింది.

"వీడూ 'పై' తెచ్చాడా?" అన్నాడు వెర్లిన్.

డ్యూయీ 'పై' తేలేదు. ఒక చిన్న పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"చూశావా లోర్నా! దొంగ వెధవ!"

"ముందు మూత చదవరా," అన్నాడు డ్యూయీ.

మూత మీద వెర్లిన్ దస్తూరీ. లోర్నా పైకి చదివింది.

"'డ్యూయీ, ఇవి లోర్నావి. ఇంట్లో ఉంటే ఆగలేక నేనే కాల్చేస్తాను. తనకి పర్మిట్ వచ్చేదాకా నాకివ్వకు. అడిగితే నీ దగ్గర లేవని చెప్పు. తిట్టినా సరే.'"

"తిట్టాడు కూడా," అన్నాడు డ్యూయీ. "మా అమ్మని కూడా కలిపి. మాటిచ్చాను కదా అని ఊరుకున్నాను. పర్మిట్ సంగతి ఇవాళ ఆర్డిస్ చెబితేగానీ తెలీదు. మీ ఆయనకి నాతో మాటల్లేవుగా."

వెర్లిన్ టోపీ తీశాడు. చెవులు బీట్‌రూటు రంగుకి తిరిగాయి. పెట్టెకేసి, స్నేహితుడికేసి, భార్యకేసి చూశాడు.

"తప్పు నాదే," అన్నాడు, గట్టిగానే. "ఇద్దరి విషయంలోనూ."

లోర్నా గ్లెండా పైలోంచి పెద్ద ముక్క కోసి డ్యూయీ ముందు పెట్టింది. తర్వాత వెర్లిన్ చేతికి పెన్సిలందించింది.

"ఆ మాట కూడా మూత మీద రాసివ్వు. డ్యూయీ దగ్గర దాచిపెడదాం."