ఏడో చోటు

ప్రతి ఆఫీసులోనూ ఒక్కడికి తప్ప ఎవరికీ అంతుపట్టని ప్రోగ్రాము ఒకటి ఉండి తీరాలి. అది మానవజాతికి వరం! నవ్వకండి, నిరూపిస్తాను.

మేం లిఫ్టులను నడిపే ప్రోగ్రాములు రాస్తాం. వాటి కడుపులో ఒక చిన్న స్క్రిప్టు భాషను ఇమిడ్చాం. ఒక్కో పనికి ఒక్కో ప్రోగ్రాము ముక్క: గంట కొట్టడానికో మాడ్యూలు, తలుపు తీయడానికో మాడ్యూలు. అవసరం పడినప్పుడు లిఫ్టే వెతికి తెచ్చుకుంటుంది. ఎక్కడ వెతకాలి? ఆ భాషను పుట్టించినవాళ్లు అమాయకులు. ఒక్క ఫోల్డరులో చూడు, లేకపోతే లేదని చెప్పు అన్నారు. ఎంత చప్పటి బతుకు!

నేను ఆ పద్ధతి పీకేసి, ఆ ముక్కల్ని వెతికి తెచ్చే సొంత లోడరు రాశాను. అది ఏడు చోట్ల వెతుకుతుంది. ఆరోది అందరూ మరిచిపోయిన పాత సర్వరు. ఏడోది నా బల్ల మీది కంప్యూటరు.

ఫలితం? రోజుకు పదిమంది నా గది తలుపు తడతారు. "గురువుగారూ, మళ్లీ ఏదో దొరకట్లేదంట. ఒక్కసారి చూద్దురూ!" ఇంతకన్నా ఆత్మీయత ఎక్కడుంది? కొత్తగా చేరిన అమ్మాయి మాత్రం, "అన్నీ ఒకే ఫోల్డర్లో పెట్టేస్తే అయిపోయేదానికి ఇదంతా ఎందుకు సార్?" అంది. పాపం, ఒంటరితనమంటే తెలియని వయసు.

నిన్న నాలుగింటికి మా అమ్మాయి బడిలో నాటకం. "కంప్యూటర్ ఆపేసి రా నాన్నా. లేకపోతే మళ్లీ దాని దగ్గరికే పోతావ్" అని పొద్దున్నే మాట తీసుకుంది. మూడేళ్లలో మొదటిసారి ఆపేశాను. మా ప్రోగ్రాములన్నీ ముందుగా పరీక్షించే మా ఆఫీసు లిఫ్టు అప్పటికే తలుపు తెరుచుకుని ఉంటే ఎక్కాను. బుద్ధిగా కిందికి దిగింది. గంట కొట్టింది. తలుపు తీయలేదు.

తలుపు ముక్క ఉన్నది ఏడో చోట!

"ఏంటి సార్, బయటికి రారా?" అన్నాడు అవతలి నుంచి వాచ్‌మన్.

"కొత్తమ్మాయిని నా కంప్యూటర్ ఆన్ చెయ్యమను!"

మూడేళ్ల అప్‌డేట్లూ ఒక్కసారే మీద పడ్డాయి. ముప్పావుగంట.

"పాస్‌వర్డ్ అడుగుతోందంట సార్."

గొణిగాను.

"వినబడట్లా. గట్టిగా!"

"నేను లేకపోతే ఎలా!" అని అరిచాను.

వాచ్‌మన్ మెట్ల దగ్గర నిలబడి ఆ పాస్‌వర్డును అంతకన్నా గట్టిగా పైకి అరిచాడు. ఐదంతస్తులూ విన్నాయి. ఎవరూ నవ్వలేదు. అదే గుచ్చుకుంది.

బడికి చేరేసరికి కుర్చీలు మడుస్తున్నారు. సగం రంగు కడిగిన ముఖంతో మా అమ్మాయి పరుగెత్తుకొచ్చి, నా వాలకం చూసి జాలిపడింది.

"ఏం పర్లేదు నాన్నా. నువ్వు లేకపోయినా బాగానే అయింది."