విడుదల కాని బుధయ్య

గిరిజనుడు నవ్వడం లేదని ప్రభుత్వం కనిపెట్టింది.

ఈ సంగతిని వినోదాభివృద్ధి శాఖ మంత్రిగారు భద్రాచలంలో, గోదావరి ఒడ్డున వేసిన షామియానా కింద, రెండు వేల మంది సాక్షిగా ప్రకటించారు. అది ఎనభై ఎనిమిదో సంవత్సరం, మే నెల. ఎండకు గోదారి ఇసుక పేలాలు వేగేలా ఉంది.

"మీరు రోడ్డు అడిగారు, ఆలోచిస్తున్నాం. దవాఖానా అడిగారు, అదీ ఆలోచిస్తున్నాం. మీరు అడగనిది ఒకటుంది. అది నవ్వు. అడక్కుండానే ఇస్తున్నాం!" అన్నారు మంత్రిగారు.

చప్పట్లు మోగాయి. అడగనిది ఇవ్వడంలో ఈ ప్రభుత్వానికి ఉన్న నేర్పు నేను మరే ప్రభుత్వంలోనూ చూడలేదు.

ఇవ్వబోతున్నది ఒక బొమ్మల సీరియల్. పదమూడు వారాలు టీవీలో వస్తుంది. "గ్రహాంతర గస్తీ" అనే ముప్పై రెండు భాగాల సైన్సు నవల ఆధారంగా తీసే హాస్య సీరియల్. ఆ నవల చదవని తెలుగువాడు లేడని ముప్పై రెండు అట్టల మీదా ముద్రించి ఉంది. దాని మీద ఒక నాటకం, ఒక గోడ క్యాలెండరు, ఒక అగ్గిపెట్టె బొమ్మ కూడా వచ్చాయి. రచయిత మన చెంచురామయ్యగారి బావమరిది. సీరియల్ తీసే గిరిజన వినోద మండలికి ఛైర్మన్ మన చెంచురామయ్యగారు. ప్రతిభ ఒకే ఇంట్లో ఉంటే ఎవరేం చేస్తారు?

చెంచురామయ్యగారి నాన్న కోస్తా నుంచి వచ్చి పెనుబల్లి వైపు స్థిరపడ్డారు. పొగాకు, మిర్చి, ఎరువుల దుకాణం ఉన్నాయి. అడవి వైపు కూడా నలభై ఎకరాలు దున్నుతున్నారు గానీ, ఏజెన్సీలో గిరిజనుడు కానివాడి పేరున భూమి ఉండకూడదని చట్టం కాబట్టి, అవి ఆయన దగ్గర పనిచేసే కోయ పాలేళ్ల పేర్ల మీద ఉన్నాయి. ఈమధ్య ఆ పాలేళ్ల కొడుకులు నాలుగు అక్షరాలు నేర్చుకుని, "కాయితం మా అయ్య పేర ఉందంట గద" అనడం మొదలుపెట్టారు. అప్పట్నుంచి ఆయనకు మనుషుల మీద నమ్మకం పోయింది. నమ్మకం పోయినవాడు కళల వైపు తిరగడం సహజమే.

నేను ఖమ్మం నుంచి వచ్చే ఒక దినపత్రికకు జూలూరుపాడు విలేకరిని. వాళ్లు నాకిచ్చేది గుర్తింపు కార్డు. కడుపు కోసం జనానికి అర్జీలు రాస్తాను. ఆ రోజు సభలో నా పక్కన నిలబడ్డ పగిడయ్య చేతిలో ఉన్నది కూడా నేను రాసిందే. ఇప్పచెట్ల గుంపు అనే గూడెంలో కోయ రైతు. వాగు పక్కన మూడెకరాలు, వాళ్ల తాత నాటి నుంచి దున్నుతున్న నేల. పట్టా లేదు. పదకొండేళ్లుగా ఏటా ఒక అర్జీ పెడుతున్నాడు. పదకొండూ నా చేతిరాతే కాబట్టి ఆ మూడెకరాల నాలుగు హద్దులూ నాకు నిద్రలో కూడా వస్తాయి.

మంత్రిగారు అర్జీ తీసుకున్నారు, పగిడయ్య ముఖం చూశారు. "చూశారా, నవ్వట్లేదు!" అని సభకు చూపించారు.

*

స్టూడియో చెంచురామయ్యగారి పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో పెట్టారు. బొమ్మలు వేసేది సోమ్లా, బడిలో డ్రాయింగ్ మాస్టరు. తండా నుంచి వచ్చినవాడు, చెయ్యి తిరిగినవాడు. పొగాకు ఘాటుకు తుమ్ముతూ బుధయ్యను పుట్టించాడు.

బుధయ్య అంటే బుధగ్రహం వాడు. నవల్లో అంతరిక్ష నౌక ఊడ్చే పనివాడు. ఇతనితో కలిపి అయిదుగురి గస్తీ జట్టు మన అడవిలో దిగుతుంది, మిగతా నలుగురూ తిరిగి వెళ్తూ ఇతన్ని మర్చిపోతారు. గుండ్రటి తల, మూడు వేళ్లు, ఎప్పుడూ ఆశ్చర్యపోయినట్టుండే కళ్లు. చూడగానే నాకే నవ్వొచ్చింది. బుధయ్యను చూసి ఎవరికైనా నవ్వొచ్చింది అదొక్కసారే.

"ఒక్క క్షణం నవ్వాలంటే ఇరవై నాలుగు బొమ్మలెయ్యాలె సార్" అన్నాడు సోమ్లా.

"దానికేముందయ్యా, మాకు ఒక్క సంతకం పడాలంటే ఇరవై నాలుగు టేబుళ్లు తిరగాలి" అన్నారు చెంచురామయ్యగారు.

ప్రభుత్వం తీసే సీరియల్ కాబట్టి ప్రతి శాఖ దగ్గరా అభ్యంతరం లేదనే కాగితం తేవాలి. అడవిశాఖ వారు మొదటి భాగం చదివి, రిజర్వు ఫారెస్టులో పర్మిట్ లేకుండా నౌక దిగరాదన్నారు. దిగినప్పుడు మూడు టేకు చెట్లు విరిగినట్టు బొమ్మలో ఉంది, వాటికి బాధ్యులెవరని అడిగారు. అందుచేత బుధయ్య బుధగ్రహం నుంచి బస్సులో వచ్చాడు. పోలీసు శాఖ వారు అడవిలో అయిదుగురు గుమిగూడటం మంచిది కాదన్నారు. నలుగుర్ని తీసేశారు. ఆరోగ్యశాఖ వారు మూడు వేళ్లు చూసి విచారం వెలిబుచ్చి, మరో రెండు చేర్పించారు. ఒక్కో కాగితం వచ్చినప్పుడల్లా సోమ్లా వందల బొమ్మలు చించి మళ్లీ వేశాడు. ప్రతి సవరణనూ నేను "మరింత మెరుగులు" అనే శీర్షికతో పంపాను.

నాలుగో భాగంలో బుధయ్య గుడిసె వేసుకుంటాడు. ఫైలు రెవెన్యూకు వెళ్లింది. మండల రెవెన్యూ అధికారి వెంకటనారాయణగారు నిప్పులాంటి మనిషి. ఎవరు ముట్టుకోబోయినా ఫైలు కదలనివ్వరు.

"ఏజెన్సీల గుడిసె వేసిండంటే గీ బుధయ్య ఎవరు? గిరిజనుడా, గిరిజనేతరుడా?" అని అడిగారాయన.

ఛైర్మన్‌గారు, "వేరే గ్రహంవాడండీ" అన్నారు.

"గ్రహం సంగతి కాదు. కులం సంగతి."

కమిటీ కూర్చుంది. నేను పత్రిక తరఫున కూర్చున్నాను. వెంకటనారాయణగారు కళ్లజోడు తుడుచుకుని విచారణ మొదలుపెట్టారు.

"ఆ బుధగ్రహానికి రోడ్డున్నదా?"

"లేదండీ."

"కరెంటు?"

"లేదు."

"ఎవరన్న ఆఫీసరు పోయి చూసిండా?"

"ఇంతవరకు ఎవరూ వెళ్లలేదండీ."

"మరింకేంది, గిరిజనుడే!" అని వెంకటనారాయణగారు సంతకం పెట్టారు.

మూడు రోజుల్లో బుధయ్యకు సర్టిఫికెట్ వచ్చింది. ప్రభుత్వ యంత్రాంగం అంత వేగంగా కదలడం చూసి నాకు ఒళ్లు పులకరించింది. ఆ కాగితం అద్దం కట్టించి ఆఫీసు వరండాలో వేలాడదీశారు. పగిడయ్య దాని కింద అరగంట నిలబడి, లోపలికి వెళ్లాడు. వెనకే నేనూ వెళ్లాను.

"సారూ, గా బొమ్మకిచ్చిన కాయితమే నాకూ ఇయ్యరాదె?"

"నువ్వు కోయోనివని రుజువేంది?"

"మా అయ్య కోయోడు."

"మీ అయ్యకు సర్టిఫికెట్ ఉన్నదా?"

"లేదు సారూ."

"మరి? బుధయ్య అర్జీ మీద ముఖం అతికిచ్చి ఉన్నది. నీ అర్జీ మీద ఏమున్నది? ఏలిముద్ర."

పగిడయ్యను నేనే సోమ్లా దగ్గరికి తీసుకెళ్లాను. సోమ్లా పని ఆపేసి, పగిడయ్యను ఎదురుగా కూర్చోబెట్టి, కణత మీది గాటుతో సహా దించాడు. బుధయ్యకు కూడా అంత శ్రద్ధ పెట్టలేదు. తీసుకెళ్లి ఇచ్చాం. వెంకటనారాయణగారు చాలాసేపు చూశారు.

"మంచిగేసిండు. కానీ చెల్లదు. బుధయ్యకు బొమ్మే అసలు. నీకు బొమ్మ నకలు. నకలు మీద సర్కారు కాయితమియ్యదు."

చట్టం తెలిసినవాడితో వాదించి గెలిచినవాణ్ని నేనింతవరకు చూడలేదు.

*

ఏడో భాగంలో బుధయ్య వ్యవసాయం మొదలుపెడతాడు. వెంకటనారాయణగారు మళ్లీ ఫైలు ఆపారు.

"ఏ సర్వే నంబర్ల దున్నుతుండు? సర్కారు తీసే బొమ్మల అబద్ధం చూపియ్యొద్దు. ఉన్న భూమి చూపియ్యాలె, ఆ భూమికి పట్టా ఉండాలె."

"నిజమేనండీ, అబద్ధం నాకూ గిట్టదు" అన్నారు చెంచురామయ్యగారు. ఆయనే శ్రమపడి జీపు వేసుకుని అడవి వైపంతా తిరిగి, చిత్రానికి పనికొచ్చే నేల వెతికారు. వాగు పక్కన, మంచి నల్లరేగడి, మూడెకరాలు. పట్టా ఎవరి పేరునా లేదు.

జూన్‌లో తొలకరి పడ్డాక పగిడయ్య నాగలి భుజాన వేసుకుని చేలోకి వెళ్తే అక్కడ ట్రాక్టరు తిరుగుతోంది. గట్టు మీద బోర్డు ఉంది. చదవడానికి నన్ను పిలిపించాడు. చదివాను. "ఈ భూమికి పట్టాదారు శ్రీ బుధయ్య గారు. సంరక్షకులు: చెంచురామయ్య. లోనికి రాకూడదు."

పగిడయ్య భార్య చిన్నక్క గట్టు మీదే కూలబడింది. ఆమె విత్తనాల మూట విప్పలేదు. "ఆ బుధయ్యను ఒకసారి పిలువుండ్రి సారూ. కాళ్లు మొక్కి అడుగుత. ఆయనకూ పిల్లలుంటరు గద" అంది.

ఆ సంగతి పత్రికకు రాయలేదు. రాసినా వేసుకోరు.

ముగ్గురం ఆఫీసుకు వెళ్లాం. వెంకటనారాయణగారు మమ్మల్ని కూర్చోమన్నారు. అంత మర్యాద అదే మొదటిసారి.

"ఫికర్ చెయ్యకు పగిడయ్యా. గిది కథ. పదమూడో భాగంల బుధయ్య ఆ భూమి, అంతకు ముందు దున్నినోనికే ఇచ్చేసి, మళ్ల బస్సెక్కి వాళ్ల గ్రహం పోతడు. ఫైల్ల గదే రాసినం. కథ ముగిసి ప్రసారమైన నాడు పట్టా మార్పిడి అని. నీ పేర."

"నా పేర?"

"అవ్. జల్దీనే. టీవీల పడంగనే."

ఆ ముగింపు పెట్టింది సోమ్లా అట. త్యాగం ఉంటే అవార్డు వస్తుందని రచయితగారు ఒప్పుకున్నారట. ఆ రోజు నుంచి ఈ జిల్లాలో ఒక టీవీ సీరియల్ కోసం పగిడయ్య ఎదురుచూసినట్టు ఎవరూ ఎదురుచూసి ఉండరు. పంచాయతీ ఆఫీసులో టీవీ ఉంది. ప్రతి ఆదివారం గుంపు నుంచి ఏడు మైళ్లు నడిచి వచ్చి, దాని ముందు కూర్చుని, సబ్బుల ప్రకటనలు కూడా శ్రద్ధగా చూసేవాడు. "వచ్చిండా?" అని అడిగేవాడు. "ఇంకా రాలేదు" అనేవాణ్ని.

*

మరుసటి ఏడాది సీరియల్ తయారైంది. విడుదలకు ముందు మంత్రిగారికి వేసి చూపించారు. ఇప్పచెట్ల గుంపు వాళ్లను కూడా లారీలో తీసుకొచ్చారు. నవ్వాల్సింది వాళ్లే కదా.

పన్నెండు భాగాలూ ఎవరూ నవ్వలేదు. అన్ని శాఖల వారూ నవ్వు వచ్చే చోటు వెతికి మరీ సరిచేశారు. మూడు రోజుల్లో సర్టిఫికెట్ ఇచ్చే అధికారి బొమ్మ తెర మీద కనిపించినప్పుడు మాత్రం గుంపువాళ్లు విరగబడి నవ్వారు. వెంకటనారాయణగారు నోట్సు రాసుకున్నారు.

పదమూడో భాగంలో బుధయ్య వాగు పక్కన నిలబడి, ఐదువేళ్ల చేత్తో పట్టా తీసి రైతు చేతిలో పెట్టాడు. ఆ రైతు కణత మీద గాటుంది. సోమ్లా తలవంచుకుని కూర్చున్నాడు.

పగిడయ్య లేచి నిలబడ్డాడు. "అవ్, గదే! గదే నా చేను!" అన్నాడు.

అతను నవ్వడం నేను చూసింది అప్పుడే. మంత్రిగారు కూడా చూసి, "నవ్వాడు! పథకం ఫలించింది!" అని చెయ్యి పైకెత్తారు. చెంచురామయ్యగారు ఆయన చెవి దగ్గరకు వంగి ఏదో చెప్పారు. మంత్రిగారు చెయ్యి దించారు.

కళాత్మక లోపాల వల్ల విడుదల వాయిదా పడిందని మర్నాడు నా పేరుతోనే వార్త వచ్చింది. ఆర్నెల్లకు సాంకేతిక కారణాల వల్ల వాయిదా పడింది. ఆపైన గోదావరి వరదల వల్ల పడింది. రీళ్లు బ్యారన్‌లో పొగాకు కట్టల మధ్య భద్రంగా ఉన్నాయి. బుధయ్యగారి చేలో రెండు పంటలు మిర్చి పండింది. పగిడయ్య, చిన్నక్క అందులోనే కూలికి వెళ్తున్నారు. బుధయ్య లాంటి గిరిజనుడు ఇంతవరకు తనకు తారసపడలేదని చెంచురామయ్యగారు నాతో ఒకసారి మనసు విప్పి చెప్పారు. "ఒక్క మాట అడగడయ్యా. వాడికి కొడుకులు కూడా లేరు."

తొంభైలో మంత్రిగారు మళ్లీ భద్రాచలం వచ్చారు. అదే షామియానా, అదే ఇసుక. విడుదల కాకుండానే ఇంత పేరు తెచ్చుకున్న సీరియల్ దేశంలో మరొకటి లేదని ప్రకటించారు. ప్రజల కోరిక మీద దానికి కొనసాగింపుగా రెండో సీరియల్ తీస్తున్నామన్నారు. పోలీసు శాఖ వారు అభ్యంతరం మానుకున్నారు. గస్తీ జట్టులో తీసేసిన నలుగురూ ఈసారి దిగుతారు. నలుగురికీ సర్టిఫికెట్లు వేదిక మీదే ఇచ్చేశారు. జీపు మళ్లీ అడవి వైపు బయల్దేరింది.

వారం తర్వాత పగిడయ్య నా దగ్గరికి వచ్చాడు. "సారూ, ఈసారి వేరే అర్జీ రాయాలె" అన్నాడు.

"ఏమని?"

"నన్ను కూడ గా కథల బొమ్మను చెయ్యుండ్రని. నౌక ఊడుస్త. ఏమడగ."

నేను అతని ముఖం వంక చూశాను. తమాషాకు అనడం లేదు. రాశాను. పదమూడేళ్లుగా రాస్తున్నా, అంత మంచి అర్జీ ఎప్పుడూ రాయలేదు. సోమ్లా వేసిన బొమ్మ జతచేశాను.

పదో రోజునే జవాబు వచ్చింది. విచారణ జరిపారు. ఒక ఉద్యోగి ఇప్పచెట్ల గుంపుకు స్వయంగా వెళ్లి, పగిడయ్యను చూసి, పేరు పిలిచి, పలికించుకుని మరీ వచ్చాడు. కాగితం తీసుకుని పగిడయ్య మిరపచేలోంచి నేరుగా వచ్చాడు. చేతులకు ఘాటు ఉండటంతో కళ్లు తుడుచుకోవడానికి లేదు.

"ఏమని రాసిండ్రు సారూ?"

చదివాను. "అర్జీదారుడు నిజంగా ఉన్నట్లు విచారణలో తేలినందున, అర్జీ తిరస్కరించడమైనది."

పగిడయ్య కాగితం వెనక్కి తీసుకున్నాడు. "అంటే, నేనున్ననని సర్కారు ఒప్పుకున్నట్టేనా?"

"అవును పగిడయ్యా."

కాగితాన్ని జాగ్రత్తగా మడిచి తలపాగాలో పెట్టుకున్నాడు. పొద్దెక్కిందని, బుధయ్యగారి చేలో ఇంకా రెండు సాళ్లు ఏరాలని చెప్పి వెళ్లిపోయాడు.