అల్లుణ్ణి చూసే హక్కు

ఆ శనివారం పొద్దున వాళ్లిద్దరూ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి ఇంట్లోంచి బయలుదేరాలి, లాయరు దగ్గర విడాకుల కాగితాల మీద సంతకాలు పెట్టాలి, దారిలో బట్టల సబ్బులు కొనుక్కుని భోజనాల వేళకి ఇల్లు చేరాలి. అంతా అయిపోయేదాకా ఇంట్లో ఎవరికీ తెలియకూడదు. ఏడుపులు, పెద్దమనుషులు, పంచాయితీలు ఏమీ వద్దు.

అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఆమె కళ్లజోళ్ల దుకాణంలో చూపు పరీక్ష చేస్తుంది. పెళ్లయి పదేళ్లయింది. పిల్లలు లేరు గానీ ఇంట్లో మనుషులకి మాత్రం లోటు లేదు. కింద వాటాలో అతని తల్లి, అంటే ఆమెకి అత్తగారు. పక్క వీధిలో ఆమె తండ్రి, అంటే అతనికి మావగారు. బస్సు డ్రైవరుగా రిటైరైన ఆయన పొద్దున్నే పేపరు కంటే ముందు వచ్చి, రాత్రి వీధి గేటు తనే వేసి వెళ్లేవారు. ఆ పై వీధిలో అతని చెల్లెలు, అంటే ఆమెకి ఆడపడుచు. ముగ్గురూ మంచివాళ్లే. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాళ్లయితే మొహం మీదే తలుపు వేసేయవచ్చు.

అందువల్ల ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాం ఒక్క పోట్లాట కూడా చివరిదాకా పోట్లాడుకోలేకపోయారు. ఆమె "ఏవండీ, మీరు నిన్న..." అని మొదలుపెట్టగానే, మావగారు చదరంగం బల్ల మీంచి తలెత్తి "అమ్మాయ్, అల్లుడి తప్పేం లేదు" అని తీర్పు చెప్పేవారు, సంగతేమిటో తెలియకుండానే. అతను గొంతు కాస్త పెంచితే అత్తగారు మెట్లెక్కి వచ్చి "నా కోడల్ని ఏమన్నా అన్నావంటే ఊరుకోను" అనేవారు. అలా సగంలో ఆగిపోయిన తగాదాలు ఏళ్ల తరబడి పోగుపడి, చివరికి ఒకరితో ఒకరు మాట్లాడాలంటేనే ఇద్దరికీ బరువైపోయింది. విడిపోదామన్న మాట కూడా వాళ్లు ఇంట్లో అనుకోలేదు. అతను మరమ్మతు చేస్తున్న ఒక లిఫ్టులో, రెండంతస్తుల మధ్య నిలబడి అనుకున్నారు. అక్కడికైతే ఎవరూ రాలేరని.

వాళ్లు చెప్పులు వేసుకుంటుండగా మావగారు పేపరు మడిచారు.

"పొద్దున్నే జంటగా ఎక్కడికి?"

"పంటి డాక్టరు దగ్గరికి" అన్నాడు అల్లుడు.

"బ్యాంకుకి" అంది కూతురు, సరిగ్గా అదే క్షణంలో.

మావగారు తనూ చెప్పులు వేసుకున్నారు. "రెండు పనులన్నమాట. అయితే ఒక చోట క్యూలో నేను నుంచుంటాలే" అని వెళ్లి కారు వెనక సీట్లో కూర్చున్నారు. ఇక ఆయన్ని దింపడం ఎవరి వల్లా కాలేదు. ఉద్యోగమంతా ఇతరులని ఎక్కించుకుని దింపిన మనిషికి, తను దిగే అలవాటు లేదు.

లాయరు ఆఫీసు ఒక టైలరు షాపు మేడ మీద ఉంది. మెట్ల దగ్గర బోర్డు మీద పైన 'వివాహ నమోదు' అనీ, కింద 'విడాకులు' అనీ రాసి ఉంది. బాణం గుర్తు మాత్రం రెండింటికీ కలిపి ఒక్కటే.

మావగారు పై వరస ఒక్కటే చదివారు. ఆయన మొహం విచ్చుకుంది.

"ఇన్నేళ్లకి పెళ్లి రిజిస్టరు చేయించుకుంటున్నారా! ముందే చెప్తే ఇస్త్రీ చొక్కా వేసుకునేవాణ్ణి కదా అల్లుడూ! సాక్షి సంతకం నాదే. ఇంకెవరైనా పెట్టారో, బాగోదు."

ఇద్దరూ నోళ్లు తెరిచేలోగా ఆయన ఫోను తీసి వియ్యపురాలికి కబురు చెప్పేశారు. లాయరు వీళ్లని కూర్చోబెట్టి, కళ్లజోడు తుడుచుకుని, గొంతు సవరించుకునేసరికి అత్తగారు, ఆడపడుచు ఒక పూలగుత్తితో సహా ఆటో దిగారు. వాళ్లు గుమ్మంలో అడుగుపెట్టిన క్షణంలోనే లాయరు మొదటి వాక్యం పైకి చదివాడు: "మేమిరువురమూ పరస్పర అంగీకారంతో, ఎవరి ఒత్తిడీ లేకుండా, వివాహ బంధం నుండి విడిపోదలచినాము."

పూలగుత్తి ఎవరికివ్వాలో ఆడపడుచుకి తెలియలేదు. లాయరు చేతిలో పెట్టింది.

"కంగారు పడకండమ్మా" అన్నాడు లాయరు, దాన్ని బల్ల మీద పెట్టుకుంటూ. "ఇంత మర్యాదస్థుల కేసు నా దగ్గరికి ఈ మధ్య రాలేదు. ఆస్తి పేచీ లేదు. ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి, భరణం ఊసే లేదు. పిల్లలు లేరు కాబట్టి, ఆ పేజీ కూడా తీసేస్తున్నాను."

"ఏ పేజీ?" అన్నారు మావగారు.

"విడిపోయాక పిల్లల్ని ఎవరు ఏ రోజు చూడొచ్చో రాసుకునే పేజీ అండి."

మావగారు తువాలుతో కళ్లు ఒత్తుకున్నారు. "ఆ పేజీ తీయకండి. అందులో నన్ను రాయండి."

"మీరు పిల్లలు కాదు కదండీ!"

"అల్లుడు నాకు పిల్లాడే కదా. మా అమ్మాయి సంగతి నాకు తెలుసు, ఒకసారి అనుకుందంటే ఆగదు. విడిపోనివ్వండి. కానీ నేను అల్లుడితో విడిపోవట్లేదు. మా ఇద్దరి మధ్యా ఏ గొడవా లేదు. మరి చట్టం నాకెందుకండీ శిక్ష వేస్తుంది?"

లాయరు తన పుస్తకాల బీరువా వైపు చూశాడు. అక్కడ దీనికి జవాబున్నట్టు తోచలేదు. ఆ ముసలాయన మీద జాలిపడి, "సరేలెండి, రెండు పక్షాలూ ఒప్పుకుంటే ఏదైనా రాసుకోవచ్చు" అన్నాడు. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

"అయితే నా కోడలు నాకు కావాలి" అన్నారు అత్తగారు కుర్చీ లాక్కుంటూ. "నా కంటి చుక్కలు ఆ పిల్ల వేస్తేనే కంట్లో పడతాయి. వీడు వేస్తే చెవిలో పడతాయి."

"అమ్మా!"

"లిఫ్టుకి నూనె పోసినట్టు పోస్తావురా నువ్వు!"

"మరి నా సంగతేంటి?" అంది ఆడపడుచు. "బట్టలు కొనడానికి వదిన కావాలి. మా ఆయనతో మాటా మాటా వస్తే అన్నయ్య కావాలి. ఇద్దరూ ఒకే చోట దొరకాలి. నేను రెండిళ్లు తిరగలేను బాబూ."

ఆదివారం కోసం వియ్యంకుడికీ వియ్యపురాలికీ చిన్న వాగ్వాదం జరిగింది. మావగారికి సాయంత్రమైతే చూపానదు కాబట్టి దింపేదెవరన్న ప్రశ్న వచ్చింది. అత్తగారికి మోకాళ్లు పట్టేస్తాయి కాబట్టి మెట్లు ఎక్కించేదెవరన్న ప్రశ్న వచ్చింది. పేజీలు పెరిగేకొద్దీ లాయరు మొహంలో కళ పెరిగింది. కుర్చీలు చాలకపోవడంతో, విడాకుల కోసం వచ్చిన ఇద్దరూ గోడకి ఆనుకుని నుంచున్నారు.

"అన్నిటికీ ఒప్పుకో. లేకపోతే ఇది తేలదు" అన్నాడు అతను చిన్నగా.

"మీరెప్పుడూ ఇంతే, ఎవరేమన్నా..."

"అమ్మాయ్, అల్లుడి తప్పేం లేదు" అన్నారు మావగారు, తలెత్తకుండానే.

చట్టం కోరిన ఎడబాటు కోసం అతను వేరే గది అద్దెకి తీసుకున్నాడు. మొదటి ఆదివారమే చదరంగం బల్ల అక్కడికి చేరింది. బల్ల వెనక మావగారు, ఆయన్ని దింపడానికి కూతురు. కొడుకు ఎలా ఉంటున్నాడో చూడ్డానికి అత్తగారు, ఆవిడ చుక్కల కోసం మళ్లీ కోడలు. గది చిన్నది కావడంతో జనం ఇంకా ఎక్కువగా కనిపించారు. విడిగా ఉన్న ఆ రోజుల్లో మొగుడూ పెళ్లాం అంతకుముందు కంటే ఎక్కువసార్లు ఎదురుపడ్డారు, ఇంకా తక్కువ మాట్లాడుకున్నారు. ఇద్దరికీ మనసులో ఒక్కటే అనిపించేది: ఇదంతా త్వరగా తేలిపోతే, కనీసం ఒకళ్ల మీద ఒకళ్లకున్న ఈ బరువైనా దిగుతుందని. ఆ బరువేమిటో చెప్పుకునే వీలు మాత్రం దొరకలేదు.

కోర్టులో జడ్జిగారు ఒప్పందం మొత్తం ఓపిగ్గా చదివారు. నెమ్మదైన మనిషి. చదువుతున్నకొద్దీ ఆవిడ కనుబొమలు పైకి లేచాయి.

"ఆదివారమంతా మావగారు అల్లుడింట్లో. కూతురు తీసుకొచ్చి, ఆట అయ్యేదాకా ఉండి, తీసుకెళ్లాలి. రోజు విడిచి రోజు అత్తగారికి కోడలు చుక్కలు వేయాలి. ఆ సమయంలో కొడుకు తల్లి తల కదలకుండా పట్టుకోవాలి. శనివారం ఆడపడుచు, ఇద్దరూ హాజరు కావాలి." ఆవిడ కళ్లజోడు తీశారు. "మరి వీళ్లు విడిగా ఉండేది ఎప్పుడండీ?"

లాయరు కాగితాలు తిరగేశాడు. అత్తగారు లేచి నిలబడ్డారు. "మంగళవారం మధ్యాహ్నం ఖాళీగానే ఉందమ్మా. కావాలంటే అప్పుడు విడిపోవచ్చు."

"ఇంత దగ్గరగా మెలిగే కాపురం నా కోర్టులో ఇంతవరకూ చూడలేదు" అన్నారు జడ్జిగారు. "దీన్ని పట్టుకుని విడాకులని ఎలా అనమంటారు? అసలు మీరిద్దరూ ఎందుకు విడిపోదామనుకున్నారు?"

"నేను చెబుతానమ్మా" అంటూ మావగారు లేచారు.

"మీరు కూర్చోండి."

"అది కాదమ్మా, మా కోడలు..." అన్నారు అత్తగారు.

"మీరు కూడా."

ఆ మాట వాళ్లతో పదేళ్లలో ఎవరూ అనలేదు. కోడలు జడ్జిగారి వైపు, ఎండన పడి వచ్చిన మనిషి మంచినీళ్ల గ్లాసుని చూసినట్టు చూసింది.

"పక్క గదిలో కూర్చుని మాట్లాడుకుని రండి" అన్నారు జడ్జిగారు. "ఇద్దరే."

బంట్రోతు వాళ్లని లోపలికి పంపి తలుపు వేసి, దానికి వీపు ఆనించి నుంచున్నాడు.

"లోపల మంచినీళ్లున్నాయో లేదో చూసొస్తాను" అన్నారు మావగారు.

"ఉన్నాయండి."

"ఫ్యానో?"

"తిరుగుతోందండి."

లోపల ఒక బల్ల, రెండు కుర్చీలు, తలుపులు మూతపడని బీరువా ఉన్నాయి. కాసేపు ఇద్దరూ అలవాటు కొద్దీ తలుపు వైపు చూస్తూ కూర్చున్నారు. ఎవరూ రాలేదు.

"ఏవండీ, మీరు ఆ రోజు..." అని ఆమె మొదలుపెట్టి, అలవాటు కొద్దీ ఆగింది.

"ఏ రోజు?" అన్నాడతను.

ఆ ప్రశ్న ఆమె ఇంతవరకూ వినలేదు. ఒక్కసారిగా గొంతు లేచింది. "నన్ను బస్టాండులో నుంచోబెట్టి మా నాన్నని ఇంట్లో దింపడానికి వెళ్లిపోయిన రోజు! వానలో!"

"ఆయన కాళ్లు లాగుతున్నాయన్నారు!"

"ఆయనకి కాళ్లు లాగాయి, నుంచున్నది నేను!"

"మరి నువ్వో? నాకు జ్వరమొస్తే ఒక్కసారైనా నా మొహం చూశావా?"

"కనిపిస్తే కదా! మొహం మీద మీ చెల్లెలు తడిగుడ్డ పరిచి కూర్చుంది! పైన మీ అమ్మ దుప్పటి కప్పింది!"

అతనికి నవ్వొచ్చింది. అయినా వదల్లేదు. కర్టెన్ల రంగు గురించి, ఆమె ఉద్యోగంలో పైమెట్టు ఎక్కిన సంగతి అతనికి మావగారి ద్వారా తెలియడం గురించి, అతను భుజం బెణికిన సంగతి ఆమెకి అత్తగారి ద్వారా తెలియడం గురించి, ఒక్కో తగాదానీ బయటికి తీసి చివరిదాకా పోట్లాడుకున్నారు. మధ్యలో, గట్టిగా అరుస్తూనే, అతను లేచి వెళ్లి కిటికీ రెక్క వేశాడు, ఎండ ఆమె కళ్లలో పడుతోందని. ఆమె జవాబుగా ఇంకా గట్టిగా అరిచి, గ్లాసులో సగం నీళ్లు తాగి మిగతా సగం అతని ముందుకి తోసింది.

బయట అత్తగారు ఏడుపు మొదలుపెట్టారు. మావగారు తలుపు దాకా నాలుగైదుసార్లు వెళ్లారు. బంట్రోతు కదల్లేదు.

గొంతులు బొంగురుపోయాక వాళ్లు వెనక ద్వారం గుండా జడ్జిగారి సొంత గదికి వెళ్లి పిటిషను వెనక్కి తీసుకున్నారు. ఆవిడ నవ్వుతూ సంతకం పెట్టి, "బయట అంతమంది ఉన్నారు, ఏం చెప్తారు?" అని అడిగారు. ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. నిజం చెబితే ఆ సాయంత్రానికే ఇల్లు మళ్లీ నిండిపోతుంది.

వరండాలో ముగ్గురూ చుట్టుముట్టారు.

"ఏమైంది అమ్మాయ్?"

"వాయిదా పడింది నాన్నా."

"రెండు వారాలకోసారి రావాలట" అన్నాడతను. "ఇద్దరమే."

"పోనీ నేను కారులో కూర్చుంటాను."

"కారులో కూడా కూడదట మావయ్యా. కోర్టు ధిక్కారం కింద వస్తుందట."

మావగారు జీవితంలో ఒక్కసారీ ఎర్ర లైటు దాటని మనిషి. "అయితే వద్దులే" అని వెనక్కి తగ్గారు.

కేసు తేలేదాకా రెండిళ్లు దండగని అతను అద్దె గది ఖాళీ చేశాడు. ఆదివారం చదరంగం, రోజు విడిచి రోజు కంటి చుక్కలు మామూలే. రెండు వారాలకోసారి మాత్రం వాళ్లిద్దరూ ఇస్త్రీ బట్టలు వేసుకుని, చంకలో ఫైలు పెట్టుకుని, పొద్దున్నే బయలుదేరతారు. "ధైర్యంగా ఉండండి" అని మావగారు గేటు దాకా వచ్చి సాగనంపుతారు. సాయంత్రానికి ఒక్కోసారి గొంతు బొంగురుపోయి, ఒక్కోసారి నవ్వు ఆపుకుంటూ తిరిగొస్తారు. "ఈ కోర్టులు ఏదీ ఒక పట్టాన తేల్చి చావవు" అని అత్తగారు నిట్టూరుస్తారు.

ఏళ్లు గడిచినా ఆ కేసుకి నెలకి రెండు వాయిదాలు పడుతూనే ఉన్నాయి. కోర్టుకి మాత్రం ఆ సంగతి తెలియదు.