అమ్మ వైన్‌లో రెండు కిలోల చక్కెర

మీరు నన్ను తిట్టుకునే ముందు ఒక్కమాట. నేను మంచి ఉద్దేశంతోనే చేశాను. ఈ మాట వింటే చాలు, మా ఆవిడకి చెమటలు పడతాయి.

అమ్మ ఏటా పెరటి తెల్లద్రాక్షతో వైన్ చేసేది. ఆ ద్రాక్ష పుట్టుకతోనే పులుపు. పండినా పులుపే. అందులో ఉన్న కాస్త తీపి కూడా జాడీలో పులిసి పూర్తిగా పోయేదాకా ముట్టుకోనిచ్చేది కాదు. నాన్న మొదటి గుక్కకే మొహం చిట్లించి సణిగేవాడు. అమ్మ గ్లాసు లాక్కోబోయేది. ఆయన ఇచ్చేవాడు కాదు. నలభై ఏళ్ళు ఇదే తంతు.

ఈసారి రసం జాడీకెత్తిన మూడో వారంలో అమ్మ పోయింది. నాన్న మాటలన్నీ "ఊ"కి కుదించుకున్నాడు. భోజనం చేశారా? ఊ. ఆకలి లేదా? ఊ.

అమ్మ చేసిన ఈ ఆఖరి వైన్ అయినా ఆయన మొహం చిట్లించకుండా తాగాలని నాకు తోచింది.

"రెండు కిలోల చక్కెర కలుపుదాం," అన్నాను మా ఆవిడతో.

"వద్దండీ. అత్తయ్య చేసింది చేసినట్టే ఉండనివ్వండి. పైగా అది మళ్ళీ పులుస్తుంది."

"పులిసే పనంతా అయిపోయింది. ఇప్పుడు నిద్రపోతోంది."

"నిద్రపోయేవాళ్ళని లేపడంలో మీకు మంచి పేరుందిగా!"

ఆవిడ పనికి వెళ్ళిన రోజు చూసి జాడీ మూత తీశాను. మట్టం బాగా దిగి ఉంది. అయినా చక్కెర కలిపి, అటక మీద పాత సీసాలు కనబడకపోతే కొత్తవి ముప్ఫై తెచ్చి నింపి, బిరడాలు బిగించాను.

"జాడీ కాస్త తగ్గినట్టుందే?" అన్నాను సాయంత్రం, మాటవరసకి.

"చిక్కిపోయిందేమోనండీ, ఇంట్లో అందరిలాగే," అంది కూర తరుగుతూ.

నేను నమ్మాను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం మొదటి సీసా పేలింది. కాసేపటికి రెండోది. ఆ తర్వాత అవి వంతులు పాటించడం మానేశాయి. బిరడాలు పైకప్పుకి తగిలి నా నెత్తిన పడ్డాయి. ఆఖరి సీసాని కౌగిలించుకుని బొటనవేలు అదిమిపెట్టాను. అది నా చొక్కాలోకి ఖాళీ అయింది.

అప్పుడు తెలిసింది. అమ్మ చేతి వైన్ ఇంకెప్పటికీ దొరకదు. ఆ మడుగులోనే కూర్చుని ఏడ్చాను.

మా ఆవిడ గుమ్మంలోంచి చూసింది. తిట్టలేదు. దాంతో ఇంకా భయమేసింది. లోపలికెళ్ళి బట్టల బీరువా వెనకనుంచి ఒక సీసా తెచ్చింది.

"మీరు చెప్పుల అరలో చక్కెర దాచిన రోజే, ఇంట్లో ఉన్న ఖాళీ సీసాలన్నీ నింపి పెట్టాను. లేవండి, ముక్కు తుడుచుకోండి."

నాన్నకి గ్లాసులో పోసిచ్చింది. ఆయన ఒక గుక్క తాగాడు. మొహమంతా ముడతలు పడింది.

"పళ్ళు జివ్వుమన్నాయే! ఇంకో పదిరోజులు గుత్తులు తీగకే ఉంచవే అంటే నా మాట వింటేగా!" అన్నాడు, పక్కనున్న ఖాళీ కుర్చీతో. అక్కణ్ణించి అందుకుని, ఆర్నెల్ల కిందటి తగువులన్నీ తవ్వి తీశాడు. మేమిద్దరం కదల్లేదు.

చాలాసేపటికి అడిగాడు: "ఎన్నున్నాయమ్మా?"

"దీంతో కలిపి పదకొండు, మామయ్యా."

"అంతేనా? పెద్ద జాడీ నిండా పోసిందిగా?"

మా ఆవిడ నావంక చూడలేదు. అది ఆవిడ మంచితనం.

నాన్న గ్లాసులో మిగిలిందంతా, ఒక్క చుక్క ఒలకకుండా, మళ్ళీ సీసాలోకి వంచాడు. నేను బిరడా అందించాను.