పొడుగు పింజ రేడియో

ఆదోని పౌరులకు తెలియజేయడమేమనగా, శ్రీ పత్తివర్తక హితైషిణీ సంఘం వారు రైతుల మేలు కోరి తమ గోదాము ముందర రేడియో పెట్టదలచారు. దినమూ బొంబాయి పత్తి ధర రైతు చెవిన పడాలని వారి సదుద్దేశం. వర్తకులకు ఇంత మంచి బుద్ధి ఎలా పుట్టిందని అడక్కండి. పైనుంచి తాఖీదు వచ్చింది.

పని మాదన్నకు అప్పజెప్పారు. జిన్నింగు మిల్లులో మోటార్లు బాగుచేస్తూ దూది ధూళికి దగ్గు తెచ్చుకున్న మనిషి. సోమవారం లోపల రేడియో పలికితే గోదాము పక్క గది అతనిది, మరమ్మతు దుకాణం పెట్టుకోవచ్చు. పలక్కపోతే మళ్లీ మిల్లు, మళ్లీ దగ్గు. అందుకని కొత్త పద్ధతిలో బేకలైటు పలకకు రాగిరేకు అంటించి, తీగలకు బదులు సన్నని గీతలు చెక్కి, టంకం పెట్టి ముచ్చటగా చేశాడు. మీట తిప్పితే పెట్టె మాత్రం పలకలేదు.

ఎక్కడో తప్పుంది, కంటికి ఆనడం లేదు. ఊళ్లో మంచి భూతద్దం ఒక్కటే. అది సంఘాధ్యక్షుడు పాండురంగయ్య పత్తి పింజ, అంటే పోగు పొడుగు, చూడడానికి తెప్పించుకున్నది. మాదన్న వెళ్లి అడిగాడు.

"అద్దం నా సెయ్యి దాటదప్పా. పలకనే ఈడికి పట్టుకురా, సంఘమంతా సూస్తాది" అన్నాడాయన.

సంఘం కొలువుదీరింది. ముప్పై ఏళ్లుగా పాండురంగయ్య ఆ అద్దంలో పింజ తప్ప మరొకటి చూసి ఎరగడు. పలక మీద అద్దం పెట్టగానే ఆయన ముఖం వెలిగిపోయింది. రెండు రాగి గీతలకు అడ్డంగా వెంట్రుక కన్నా సన్నటి పోగొకటి పడి ఉంది. అద్దం చేతులు మారింది. ఇంత పొడుగు పింజ తానెన్నడూ చూడలేదన్నాడు సంఘం కార్యదర్శి ఇంద్రసేనయ్య. ఎర్రగా ఉందేమని ఎవరో అడిగితే, ఎర్రనేల పత్తి కదా అని తేల్చేశాడు.

మాదన్న వంతు చివర. ఒక్క చూపుకే అర్థమైంది. చెక్కేటప్పుడు రేగిన రాగి పీచు రెండు గీతల్నీ కలిపేసింది, కరెంటు అడ్డదారి పట్టి పెట్టె మూగబోయింది. అతనికి ప్రాణం లేచివచ్చింది, జేబులోంచి సూది తీశాడు.

"అయ్యా, దీన్ని తీసేస్తే సాలు, పలుకుతాది."

పాండురంగయ్య అతని చెయ్యి పట్టుకున్నాడు. "తీసేస్తావా! మహాజనులారా, ఇంతటి పింజ గల పలకను మన సంఘం మొదటి రకమని ఏకగ్రీవంగా తీర్మానిస్తాంది. తీర్మానమైనాక పలికినట్టే! సీలు వేయండప్పా. దాంట్లో సెయ్యి పెట్టినోడికి గదీ ల్యాదు, ఏమీ ల్యాదు."

లక్క ముద్ర పడింది. సోమవారం రేడియోకు పూలదండ వేసి మీట తిప్పారు. కైరుప్పల నుంచి పత్తి బండి తోలుకొచ్చిన తిక్కయ్య పెట్టెకు చెవి ఆనించాడు.

"ఏమీ పలకల్యాదే అన్నా! బొంబాయి ధర ఎట్లుంది?"

"ఈపొద్దు బొంబాయిలో ధర ల్యాదు. మేం సెప్పిందే ధర" అన్నాడు ఇంద్రసేనయ్య.

మాదన్న నోరు తెరిచాడు. పాండురంగయ్య గది తాళంచెవి అతని చేతిలో పెట్టాడు. మాదన్న తెరిచిన నోటితో దగ్గి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

వారం తిరక్కుండానే ఎమ్మిగనూరు వర్తకులు ఉత్తరం రాశారు. అచ్చం అలాంటి రేడియోనే కావాలి, పింజతో సహా. ఇప్పుడు మాదన్నకు సొంత భూతద్దం ఉంది. రాగి పీచును రెండు గీతల మీద పడుకోబెట్టి టంకం వేస్తుంటే మొదట్లో చుట్టూ చూసుకునేవాడు, ఇప్పుడు చూసుకోవడం లేదు. దగ్గు కూడా తగ్గింది. తిక్కయ్య ప్రతి సోమవారమూ వచ్చి పెట్టెకు చెవి ఆనిస్తాడు. మాదన్న అద్దం మీంచి తల ఎత్తడు.

మీ ఊరికీ ఒకటి కావలిస్తే మాదన్నకు ఉత్తరం రాయండి. ఏ ధర వినబడకూడదో మాత్రం వివరంగా రాయండి.