వంతెన వద్దన్న మాస్టారు

ఆ ఉదయం మాస్టారి పథకం చాలా చిన్నది. శాసనసభకు వెళ్లాలి, వంతెన కావాలని చెప్పాలి, భోజనం వేళకు ఇంటికి రావాలి. ఇంత చిన్న పథకాన్ని చెడగొట్టుకోవాలంటే మనిషికి చాలా చదువు ఉండాలి. మాస్టారికి ఉంది.

ఆయన తల నెరిసేదాకా కళాశాలలో ఆర్థికశాస్త్రం చెప్పి, ఆ తర్వాత ఎమ్మెల్యే అయ్యారు. రాజకీయాల్లోకి రావడానికి కారణం ఒక్కటే, ఊరి పక్కన ఏరు. భార్య పుట్టిల్లు అవతలి ఒడ్డున. ఏరు పొంగితే పడవ కట్టేస్తారు. ఒక వానాకాలం అలా పడవ కట్టేసిన రోజునే అవతల ఆవిడ తల్లి పోయింది. ఆఖరి చూపు దక్కలేదు. ఇవతలి ఒడ్డున కూర్చుని ఆవిడ ఏడుస్తుంటే మాస్టారికి గుండె తరుక్కుపోయింది. "ఈ ఏటి మీద వంతెన వేయించకపోతే నన్ను అడుగు" అన్నారు. ఆవిడ ఆ రోజు నుంచీ అడుగుతూనే ఉంది.

"లేవండి, వంతెన కావాలనండి, కూర్చోండి" అంది ఆవిడ, ఇస్త్రీ చేసిన చొక్కా చేతికిస్తూ. "అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడకండి."

"అలా ఎలా కుదురుతుందే? ముందు వద్దనేవాళ్ల వాదన చెప్పాలి. వాళ్లు కూడా అంత బాగా చెప్పలేరనిపించాలి. అప్పుడు ఒక్కొక్కటీ పడగొట్టాలి. అదీ పద్ధతి."

"వాళ్ల వాదన చెప్పుకోడానికి వాళ్లకి నోళ్లు లేవా?"

"ఉన్నాయి కానీ, సరిగ్గా చెప్పరు."

ఆవిడ తమ్ముడే మాస్టారికి డ్రైవరు, కార్యదర్శి, అంగరక్షకుడు. చెప్పులు వేసుకుంటూ అక్కకు ధైర్యం చెప్పాడు. "నువ్వు కంగారు పడకక్కా. నేను పైన గ్యాలరీలో కూర్చుంటాగా. బావ దారి తప్పితే గట్టిగా దగ్గుతా."

కళాశాలలో మాస్టారి పాఠం గురించి ఒక మాట ఉండేది. మొదటి సగం విన్నవాడు ఒక పార్టీలో చేరతాడు, రెండో సగం విన్నవాడు ఇంకో పార్టీలో చేరతాడు, మొత్తం విన్నవాడు ఏ పార్టీకీ పనికిరాడు అని. అందుకేనేమో, పార్టీ వాళ్లు ఇన్నాళ్లూ ఆయన్ని సభలో నోరెత్తనివ్వలేదు. కానీ ఆ రోజు చర్చకొచ్చింది ఆయన నియోజకవర్గం వంతెన. ఏలుతున్న పార్టీ, అంటే మాస్టారి పార్టీ, కావాలని తీర్మానం పెట్టింది. పెట్టింది కాబట్టి ప్రతిపక్షం వద్దంటుంది. మాట్లాడకపోతే బాగుండదు.

మాస్టారు లేచారు. "అధ్యక్షా! అసలీ వంతెన ఎందుకు?" అన్నారు.

సభ ఉలిక్కిపడింది.

"ఏడాదిలో సగం ఆ ఏట్లో నీళ్లే ఉండవు. ఎండిన ఏటికి వంతెన, బట్టతలకి దువ్వెన, రెండూ ఒకటే అధ్యక్షా! అవతల ఉన్నవి పిడికెడు ఊళ్లు. వంతెనకయ్యే ఖర్చుతో ఆ ఊళ్లన్నీ ఎత్తుకొచ్చి ఇవతల పెట్టొచ్చు. పైగా వంతెన వేస్తే కంకర ఎవరు తింటారు, సిమెంటు ఎవరు తింటారు? అవి అరిగించుకోవడానికి మళ్లీ ఆసుపత్రి కట్టాలి!"

ప్రతిపక్షం బల్లలు చరిచింది. మాస్టారికి ఉత్సాహం పెరిగింది. కళాశాలలో ఏనాడూ పిల్లలు బల్ల చరిచి పాఠం వినలేదు. బావమరిది పైనుంచి దగ్గాడు. మాస్టారు వినలేదు. ఇంకా గట్టిగా దగ్గాడు. పక్కాయన మంచినీళ్ల సీసా ఇచ్చాడు, వెనకాయన వీపు నిమిరాడు. కళ్లు తేలేసి దగ్గుతుంటే మార్షల్ వచ్చి, ఇదేదో అంటుకునే రోగంలా ఉందని భుజం పట్టుకుని బయటికి నడిపించాడు.

మాస్టారు వద్దనేవాళ్ల వాదనంతా గుక్క తిప్పుకోకుండా చెప్పి, చేతి రుమాలుతో మొహం తుడుచుకున్నారు. ఇక పడగొట్టాలి. "మరోవైపు..." అని నోరు తెరిచారు.

సరిగ్గా అప్పుడే స్పీకర్ గంట కొట్టారు.

శాసనసభలో ఆ గంటకు పెద్ద విలువ లేదు. సమయం అయిపోయిందని స్పీకర్ గంట కొట్టాకే సభ్యుడు గొంతు సవరించుకుని అసలు విషయంలోకి వస్తాడు. ఈ సంగతి మాస్టారి బుర్రకు తెలుసు. కాళ్లకు తెలియదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ గంట వినపడగానే గదిలోంచి బయటికి నడిచిన కాళ్లవి. "సరే, మిగతాది రేపు చూద్దాం" అని కాగితాలు చంకన పెట్టుకుని, ఎవరివైపూ చూడకుండా ఆయన బయటికి వెళ్లిపోయారు.

పార్టీ సభ్యులు ఎప్పుడు లేవాలో, ఎప్పుడు అరవాలో చెప్పే పెద్దమనిషిని విప్ అంటారు. ఆ విప్ అప్పటిదాకా కునుకు తీస్తున్నాడు. గంటకు మెలకువ వచ్చి చూస్తే సొంత పార్టీ మనిషి విసవిసా వెళ్లిపోతున్నాడు. ఇది వాకౌట్ అని, తను నిద్రలో ఆ నిర్ణయం వినలేదని అనుకున్నాడు. నిద్రపోయిన సంగతి బయటపడకూడదు కదా! "పదండి, పదండి! ఒక్కరు కూడా ఉండడానికి వీల్లేదు!" అని అందరికంటే ముందు లేచాడు. విప్ లేచాక ఎందుకని అడిగే అలవాటు ఆ పార్టీలో లేదు. వరసలకు వరసలే కదిలాయి. తీర్మానం పెట్టిన మంత్రి కూడా పిడికిలి బిగించి "నశించాలి!" అంటూ బయటపడ్డాడు. ఏది నశించాలో వాకిట్లోకి వెళ్లాక ఆలోచించుకోవచ్చనుకున్నాడు.

"సొంత తీర్మానం మీద మీరే వాకౌట్ చేశారేంటండీ?" అని విలేకరులు మైకులు చాపారు.

"ప్రజాస్వామ్యంలో ఇంతకంటే ఏం చెప్పమంటారు?" అన్నాడు విప్.

"సమయం వచ్చినప్పుడు అన్నీ బయటపెడతాం" అన్నాడు మంత్రి, ఆ సమయం తొందరగా రాకూడదని కోరుకుంటూ.

మాస్టారు మాత్రం నడవాలో టీ ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతున్నారు. బావమరిది పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"కొంప ముంచారు బావా! ఎందుకొచ్చేశారు?"

"గంట కొట్టారుగా?"

"అది బడి గంట కాదు బావా! లోపల ఓటింగ్ పెడుతున్నారు. మనవాళ్లెవరూ లేరు!"

ఇంతలో ఫోను మోగింది. భార్య. టీవీలో అంతా చూసింది. ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేదని మాస్టారికి అనిపించింది. "మా ఊరి పేరు కూడా అనకుండా పిడికెడు ఊళ్లన్నారు. అంతేనాండీ మీకు మేం?" అని పెట్టేసింది.

మాస్టారు టీ సంగతి మరిచిపోయారు. వెనక్కి పరిగెత్తారు. ఓటింగ్‌కు వేళైందని తలుపులు మూసేశారు. మార్షల్ అడ్డంగా నిలబడ్డాడు.

"నన్ను లోపలికి పోనివ్వు బాబూ. సగమే చెప్పాను!"

"తలుపు తీయకూడదు సార్. ఆ మిగతా సగం ఏదో నాకు చెప్పండి."

మాస్టారు చెప్పారు. నిండు చూలాలిని మంచం మీద మోసుకొచ్చి ఒడ్డున ఆగిపోయినవాళ్ల సంగతి, ఆఖరి చూపు దక్కని కూతురి సంగతి, ఆ ఖర్చు ఖర్చు కాదన్న సంగతి. జన్మలో అంత బాగా ఏనాడూ మాట్లాడలేదు. మార్షల్ టోపీ తీసి కళ్లు తుడుచుకున్నాడు. "నాకు ఓటుంటే వేసేవాణ్ని సార్" అన్నాడు. తలుపు మాత్రం తీయలేదు.

లోపల ప్రతిపక్ష నాయకుడి పని ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది. వంతెన వద్దని చెప్పడానికి ఆయన తయారు చేసుకొచ్చిన మాటలన్నీ మాస్టారు ముందే చెప్పేశారు, అదీ ఆయనకంటే బాగా. ఇప్పుడు తనూ వద్దంటే ఏలుతున్న పార్టీతో ఏకీభవించినట్టవుతుంది. ఆ అప్రతిష్ఠ ఆయన పుట్టి బుద్ధెరిగాక మోయలేదు.

ఓటింగ్‌కు ముందు ఆయన లేచి, చేతిలో ఉన్న ప్రసంగాన్ని నాలుగు ముక్కలు చేశాడు. "బట్టతలకి దువ్వెనా అధ్యక్షా? పేదవాడి కన్నీళ్లు దువ్వెనా? చివరి మనిషి ఏరు దాటేదాకా మేం నిద్రపోం! వంతెన కావాలి. వెడల్పు ఇంకాస్త ఎక్కువ కావాలి!" అన్నాడు. లోపల ఉన్నవాళ్లంతా ఆయనవాళ్లే. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

తలుపులు తెరుచుకుని ఆ కబురు బయటికి రాగానే మాస్టారు అక్కడే మెట్ల మీద కూలబడి చిన్నపిల్లాడిలా నవ్వారు. వంతెన వచ్చేసింది! ఆయనకు కావలసింది అదే. ఈ ఒక్క సంగతీ చెప్పి ఇంటికి వెళ్లిపోతే ఎంతో బాగుండేది. కానీ జరిగిందేమిటో వివరిస్తానని విలేకరులను పిలిచి కూర్చోబెట్టారు.

"ముందుగా, నన్ను తిట్టేవాళ్ల వైపు నుంచి చూద్దాం" అని మొదలుపెట్టారు. "గెలిపించిన జనానికి నేను ద్రోహం చేశాను. నాలాంటివాడు ఈ పదవిలో ఒక్క క్షణం ఉండకూడదు..."

బావమరిది ఈసారి దగ్గలేదు. ఎదురుగా ఉన్న గోడకు తల కొట్టుకున్నాడు. విలేకరులకు అంతకంటే ఏం కావాలి? మైకులు సర్దుకుని పరుగందుకున్నారు. "మరోవైపు" అని మాస్టారు తలెత్తేసరికి ఖాళీ కుర్చీలున్నాయి.

తర్వాత ఎన్నికలు వచ్చాయి. మాస్టారు చిత్తుగా ఓడిపోయారు. ప్రతిపక్ష నాయకుడు ముఖ్యమంత్రి అయి, వంతెన పూర్తి చేయించి, తనే వచ్చి రిబ్బను కత్తిరించాడు. శిలాఫలకం మీద "స్థానిక సభ్యుని తీవ్ర వ్యతిరేకతను లెక్కచేయక" అని పెద్ద అక్షరాలతో చెక్కించాడు.

ఆ మర్నాడు మాస్టారు భార్యతో కలిసి అత్తవారి ఊరికి బయలుదేరారు. అసలు సంగతి ఆవిడకు ఎప్పుడో అర్థమైంది. అయినా, సగం సంసారం ఆయన్ని దెప్పడంతోనే సాగుతోంది. వంతెన మొదట్లో గంప పట్టుకున్న ఒక ముసలమ్మ మాస్టారికి అడ్డం నిలబడింది.

"వద్దన్నోడివి నీకెందుకయ్యా వంతెన? సిగ్గు లేదూ?"

చుట్టూ జనం పోగయ్యారు. మాస్టారు గొంతు సవరించుకున్నారు. ముసలమ్మకు సమాధానం చెప్పాలంటే పద్ధతి ప్రకారం ముందు ముసలమ్మ వాదనే చెప్పాలి. భార్య ఆయన మొహం చూసి ప్రమాదం పసిగట్టింది.

"మీరేం మాట్లాడకండి. పడవలో వచ్చేయండి" అంది మెల్లగా. తర్వాత వంతెన మీద పది అడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగి చూసింది. ఆవిడ కళ్లలో నీళ్లున్నాయి. మాస్టారు చెయ్యి ఊపారు. ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుని, పుట్టింటికి నడుచుకుంటూ వెళ్లింది.

మాస్టారు ఒడ్డు దిగారు. పడవవాడు ఆయన్ని చూడగానే లేచి, తుండుగుడ్డతో పలక తుడిచి, చేయి పట్టుకుని ఎక్కించి, కిరాయి ఇవ్వబోతే చేతులు జోడించాడు.

"మీ దగ్గర తీసుకుంటే కళ్లు పోతాయి సార్. మా పొట్ట గురించి ఆలోచించినోళ్లు ఆ సభలో మీరొక్కరే. మా ఇంట్లో ఓట్లన్నీ మీకే వేశాం."

మాస్టారు మనసులో లెక్క వేసి చూసుకుంటే, పడవవాడి ఊళ్లో తనకు పడిన ఓట్లు ఆ ఒక్క ఇంటి ఓట్లకు సరిగ్గా సరిపోయాయి.