బందోబస్తు భజన

శనివారం పొద్దున కనకవ్వ కోరుకున్నది ఒక్కటే: సాయంత్రం భజన మంగళహారతి దాకా సాగాలి. ఆమె భర్త రఘుపతి కరోనాతో పోయి ఆ రోజుకు ఏడాది. వలసొచ్చిన జోల్వా ఊళ్లో తెలుగు మగ్గాల కార్మికుల భజనలకు మద్దెల వాయించిన మనిషిని పాట లేకుండానే ప్లాస్టిక్ సంచిలో తీసుకుపోయారు. దినాలనాడు గదిలో భజన పెడితే, రోగం అంటుతుందన్న భయంతో పక్క గది సోమలింగం కర్ర పట్టుకొచ్చి చెదరగొట్టాడు. ఆ దెబ్బకు తోలు చిరిగిన మద్దెల, భజన బృందం నడిపే రాములు ఇంట్లో మూలపడింది.

"మళ్లొస్తే ఎట్ల బిడ్డా?" అని కూతురు సంగీతను అడిగింది.

"రాడవ్వా. గిప్పుడు మంచిగనే మాట్లాడుతున్నడు గద."

"గదే నా భయం. ఏం మనసుల పెట్టుకున్నడో!"

కనకవ్వ పోలీసు చౌకీకి పోయి, వచ్చీరాని హిందీలో సోమలింగం పేరు చెప్పింది. తలలు పగులుతాయంది, గది తగలబడుతుందంది. ఎవరి పూజనూ ఎవరూ చెడగొట్టరాదు, అది చట్టమని అక్కడి సాహెబు అభయమిచ్చాడు.

సాయంత్రం గల్లీ మొదట్లో జీపు ఆగింది. చిడతలతో వస్తున్న రాములు బృందం ఖాకీ బట్టలు చూసి నిలబడిపోయింది. లాక్‌డౌన్‌లో లాఠీ దెబ్బలు తిన్న వీపులవి.

"భజన చేస్తే పట్కపోతరంట, ఉరుకున్రి!" అని రాములు అరిచాడు.

ఉరికేవాళ్లే గొడవ చేయడానికి వచ్చినవాళ్లనుకుని పోలీసులు వెంటపడ్డారు. అది చూసి గల్లీలో అందరూ తలుపులు వేసుకున్నారు.

"సాబ్, గాళ్లు మావోళ్లే!" అని కనకవ్వ మొత్తుకుంది. తెలుగు రాని సాహెబు, "భయపడకు అమ్మా, ఒక్కణ్ణీ రానివ్వం" అని హిందీలో ధైర్యం చెప్పాడు.

అప్పుడే సోమలింగం వచ్చాడు, భుజాన మద్దెలతో. పేరు అడిగారు. చెప్పాడు. చెయ్యి పట్టుకున్నారు.

"వదినె, రాములు తాన అడిగి తీస్కపోయి అన్న మద్దెలకు కొత్త తోలు ఏపిచ్చిన. పాడుజేసిందే నేను గద. ఇయ్యాల నేనే కొడదామని..."

"ఇడువున్రి సాబ్! గాయిన మంచోడు!" అని కనకవ్వ ఈసారి హిందీ కలిపి బతిమాలింది.

"పొద్దున పేరిచ్చింది నువ్వే" అంటూ సాహెబు అతణ్ణి జీపెక్కించాడు. మద్దెల మాత్రం ఆమెకు అప్పగించాడు.

భర్త ఫొటో ముందు కూర్చుని కనకవ్వ దాన్ని ఒక్కసారి తట్టింది. రఘుపతి చేతికింద పలికినట్టే పలికింది. ఆ వెంటనే చెయ్యి తీసేసింది. హారతి సంగీత ఒక్కతే పాడింది.

గుమ్మంలో ఇద్దరు పోలీసులు చివరిదాకా కాపలా ఉన్నారు. భజన చెడగొట్టేవాళ్లు ఎవరూ రాలేదు, చేసేవాళ్లు కూడా.